జర్మనీ సౌనాలో బట్టలు లేకుండా కూర్చోవడం: దాని అర్థం, అక్కడి మర్యాదలు

ఇసార్ ఒడ్డు (మ్యూనిక్):

సభ్యులందరికీ నమస్కారం. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ దేశానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా కార్యాలయంలో కొందరు వచ్చే నెల ఒక శనివారం ఎర్డింగ్‌లోని థెర్మెకు, అంటే ఆ పెద్ద వేడినీటి స్నానశాలకు, కలిసి వెళ్దామనుకుంటూ నన్నూ పిలిచారు. ఈత కొలనుల వరకే అయితే నాకు ఏ ఇబ్బందీ లేదు. అయితే వారి ఉత్సాహమంతా సౌనా, అంటే ఒళ్లు చెమట పట్టేలా కాచిన చెక్క గదులున్న విభాగం మీద ఉంది. అక్కడ ఆడవారు, మగవారు అందరూ ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుంటారనీ, ఈత దుస్తులతో లోపలికి రానివ్వరనీ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. చెప్పినవారిలో మా విభాగాధిపతి కూడా ఉన్నారు. ఆవిడ తన భర్తతో కలిసి వస్తున్నారు.

నేను దీన్ని వేళాకోళానికి అడగడం లేదు కాబట్టి దయచేసి ఎవరూ ఆ దారి పట్టించకండి. వీరికి దీని అర్థం ఏమిటో, ఇందులో కామం ప్రసక్తి లేదని వీరు అంత నిశ్చింతగా ఎలా అనగలుగుతున్నారో తెలుసుకోవాలని ఉంది. వెళ్తే ఎలా నడుచుకోవాలో, వెళ్లకపోతే ఎవరూ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో కూడా తెలియాలి. ఇంట్లో నా భార్యతో మాట్లాడితే, తనకూ రావాలనే ఉందనీ కానీ కాళ్లాడడం లేదనీ అంది.

నెక్కర్ లోయ (స్టుట్‌గార్ట్):

ఇసార్ ఒడ్డు గారూ, మంచి ప్రశ్న అడిగారు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిని కాబట్టి ముందు ఆచరణ సంగతులు చెబుతాను. అర్థం సంగతి చరిత్ర తెలిసినవారు చెప్పవచ్చు.

జర్మనీ సౌనాను విచ్చలవిడితనం అనుకుని వెళ్లేవారికి అక్కడ మొదట కనిపించేది నిబంధనల చిట్టా. లోపలికి వెళ్లేముందు సబ్బుతో ఒళ్లంతా కడుక్కుని, తుడుచుకుని పొడి ఒంటితో వెళ్లాలి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. మీ వెంట పెద్ద తువ్వాలు ఒకటి ఉండాలి. దాన్ని చెక్క బల్ల మీద పరిచి, పాదాలతో సహా ఒంట్లో ఏ భాగమూ చెక్కకు తగలకుండా కూర్చోవాలి. ఒక చెమట చుక్క కూడా చెక్క మీద పడకూడదన్నది ఇక్కడ అక్షరాలా అమలయ్యే నియమం. నగ్నంగా కూర్చున్నందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు గాని, పాదాల కింద తువ్వాలు లేకపోతే పక్కనున్న పెద్దావిడ నిమిషంలో తప్పకుండా చెబుతుంది.

ఈత దుస్తులు ఎందుకు వద్దంటారంటే, తొంభై డిగ్రీల వేడిలో నైలాన్ గుడ్డ చెమటను పట్టి ఉంచుతుందనీ, కొలనులో పీల్చుకున్న క్లోరిన్ ఆ వేడికి ఆవిరవుతుందనీ, చర్మానికి గాలి ఆడదనీ కారణాలు చెబుతారు. ఆ కారణాల బలం ఎంతైనా, అందరూ ఒకే స్థితిలో ఉన్నచోట ఒకరు బట్టలతో వచ్చి కూర్చుంటే ఆ ఒక్కరు ప్రేక్షకుడైపోతారన్నదే నాకు అసలు కారణంగా తోస్తుంది.

చూపు విషయం మరీ ముఖ్యమైనది. తల దించుకుని నేలనే చూస్తూ కూర్చోనక్కరలేదు, అలాగని పై నుంచి కింది వరకు చూపు జార్చకూడదు. లోపలికి వచ్చినవారి ముఖం చూసి, తల పంకించి, మళ్లీ మీ లోకంలోకి వెళ్లిపోవాలి. మాటలు తక్కువ, అవీ మెల్లగా. జంటలు ముద్దులాడడం, ఒళ్లు నిమరడం చేస్తే సిబ్బంది బయటికి పంపుతారు. ఫోన్ లాకర్లోనే ఉండాలి. ఒక సౌనా నుంచి మరొకదానికి నడిచేటప్పుడు తువ్వాలు చుట్టుకోవచ్చు, లేదా బాత్‌రోబ్ వేసుకోవచ్చు. భోజనశాలలో అయితే వేసుకుని తీరాలి.

ఔఫ్‌గుస్ అనే కార్యక్రమం ఒకటుంటుంది. నిర్ణీత వేళకు సౌనా నిర్వాహకుడు వచ్చి, సుగంధ తైలం కలిపిన నీటిని కాలిన రాళ్ల మీద విడతలు విడతలుగా పోస్తూ, వచ్చిన ఆవిరిని తువ్వాలుతో విసిరి అందరి మీదికీ పంపుతాడు. మొదలయ్యాక తలుపు తీసి లోపలికి రాకూడదు. తట్టుకోలేనివారు మాత్రం ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు, అందులో నామోషీ లేదు. అయ్యాక చప్పట్లు కొడతారు. చప్పట్లు కొట్టే ఆ ముప్ఫై నలభై మందిలో తాతలు, గర్భం తెచ్చిన చారలున్న తల్లులు, శస్త్రచికిత్స గాట్లున్నవారు, పెద్ద బొజ్జలవారు అందరూ ఉంటారు. సినిమాల్లో తప్ప ఇతరుల ఒళ్లు చూసి ఎరగని మనకు, ఒళ్లు అన్నవి ఇన్ని రకాలుగా ఉంటాయని తెలిసేది అక్కడే.

కళింగ సీమ (విజయనగరం):

పెద్దలు క్షమించాలి. ఇందులో అంతగా అర్థం వెతకవలసింది ఏముందో నాకు బోధపడటం లేదు. ఆడవారు ఏటి ఒడ్డున చీరతోనే మునిగి, చీరతోనే ఒడ్డుకు వచ్చి, మరొకరి కంటపడకుండా తడిబట్ట మార్చుకునే నేర్పు మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. మగవారు బోరింగు దగ్గర నలుగురి మధ్య స్నానం చేసినా తువ్వాలు జారనివ్వకుండా లోదుస్తులు మార్చుకుంటారు. సిగ్గు అన్నది మనిషికీ పశువుకూ ఉన్న తేడా. ఉద్యోగం కోసం దేశం మారితే తిండి కొంత మార్చుకుంటాం, మాట మార్చుకుంటాం. ఇది కూడా మార్చుకోవాలా? మర్యాదగా రానని చెప్పేస్తే సరిపోయేదానికి ఇంత చర్చ అనవసరం.

పాత పుస్తకాల అర (తెనాలి):

తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కళింగ సీమ గారు చెప్పిన ఆచారానికి శాస్త్రం దన్ను కూడా ఉంది. నగ్నంగా స్నానం చేయరాదని మనుస్మృతి నాలుగో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. గోపికల వస్త్రాపహరణ ఘట్టంలో కృష్ణుడు తప్పుపట్టేదీ దాన్నే, వ్రతంలో ఉండి వివస్త్రలై నీటిలో దిగడం జలదేవతకు అపచారమని. కాబట్టి ఒంటరిగా ఉన్నా గోచీ అయినా ఉండాలన్నది మన సంప్రదాయం. ఇందులో వాదం లేదు.

అయితే అదే భాగవతం ప్రథమ స్కంధంలో మరో కథ ఉంది. శుకుడు దిగంబరుడై అడవి దారిన వెళ్తున్నాడు. పడుచు కొడుకు. కొలనులో జలకాలాడుతున్న స్త్రీలు అతన్ని చూసి కూడా తమ ఆటలో తాము ఉన్నారు. వెనకనే ముసలి తండ్రి వ్యాసుడు, కట్టుబట్టలతో, కొడుకును పిలుస్తూ వచ్చాడు. ఆయన్ని చూడగానే గబగబా చీరలు కట్టుకున్నారు. ఇదేమి వింత అని వ్యాసుడు అడిగితే, మీ కొడుకుకు ఆడ మగ అన్న భేదం కనిపించదు, మీకు కనిపిస్తుంది అని వారు జవాబిచ్చారు. బట్ట కట్టుకున్న మహర్షి ముందు సిగ్గు కలిగి, బట్ట లేని యువకుడి ముందు కలగకపోవడమన్నది మన పురాణమే పెట్టిన చిక్కుముడి.

ఇంతమాత్రాన ఈ కథ చూపించి జర్మనీ సౌనాను సమర్థించవచ్చని నేను అనను. దిగంబర జైన ముని, నాగ సాధువు, పన్నెండో శతాబ్దంలో జుట్టునే వస్త్రంగా కప్పుకుని శ్రీశైలం చేరిన అక్కమహాదేవి, వీరందరి నగ్నత్వం లోకాన్ని వదులుకున్నదానికి గుర్తు. వారు ఇల్లు, వాకిలి, పేరు విడిచినట్టే బట్టనూ విడిచారు. ఇసార్ ఒడ్డు గారి విభాగాధిపతి మాత్రం శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి సోమవారం మళ్లీ కార్యాలయానికే వస్తారు. సంసారులు సంసారులుగానే ఉంటూ, ఒక పూట బట్టలు పక్కన పెట్టి నలుగురితో కలిసి కూర్చోవడం మన దగ్గర ఏ కాలంలోనూ ఉన్నట్టు నేను చదవలేదు. దానికి పోలిక మన సన్యాసుల్లో వెతకడం దండగ.

ష్ప్రే తీరం (బెర్లిన్):

మాస్టారూ, మీరు చివర చెప్పిన మాటే నా పోస్టుకు మొదలు. జర్మన్ల నగ్నతా సంస్కృతికి పుట్టుక నగరంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి కర్మాగారాల వల్ల బెర్లిన్ వంటి నగరాలు ఒక్కసారిగా ఉబ్బిపోయాయి. ఒక పెరటి వెనక మరో పెరడుగా కట్టిన ఐదంతస్తుల కార్మిక గృహాల్లోకి ఎండ వచ్చేది కాదు, క్షయవ్యాధి విపరీతంగా ఉండేది. ఎండ, గాలి ఒంటికి నేరుగా తగలాలన్న ఆలోచన వైద్యంగా మొదలైంది. ఆర్నాల్డ్ రిక్లీ అనే స్విట్జర్లాండ్ వాసి నేటి స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సు ఒడ్డున 1855లోనే ఎండ స్నానాల చికిత్స నడిపాడు. శాకాహారం, మద్యనిషేధం, బిగుతు దుస్తుల బహిష్కారం, వీటన్నిటితో కలిసిన జీవన సంస్కరణ ఉద్యమంలో ఇదీ ఒక పాయ అయింది. 1898లో ఎస్సెన్‌లో జర్మనీ మొదటి సంఘం ఏర్పడింది. తర్వాత దీనికి ఫ్రైకోర్పర్‌కుల్టూర్, అంటే స్వేచ్ఛా దేహ సంస్కృతి, అన్న పేరు స్థిరపడింది. అందరూ ఎఫ్‌కేకే అంటారు.

ఈ చరిత్ర మచ్చలేనిదేమీ కాదని కూడా చెప్పాలి. రిచర్డ్ ఉంగెవిట్టర్ వంటి తొలి ప్రచారకులు నగ్నత్వాన్ని జాతిశుద్ధితో ముడిపెట్టారు. 1920లలో బెర్లిన్‌లో అడాల్ఫ్ కోఖ్ అనే ఉపాధ్యాయుడు కార్మికుల పిల్లలకు, పెద్దలకు నగ్న వ్యాయామ పాఠశాలలు నడిపాడు. ఆయన సోషలిస్టు. నాజీలు వచ్చిన 1933లోనే వారి నాయకుల్లో ఒకడైన గోరింగ్ ఈ ఉద్యమాన్ని నైతిక ప్రమాదంగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ తర్వాత తమకు లొంగిన సంఘాలను మాత్రం బతకనిచ్చారు. తూర్పు జర్మనీలో 1954లో బాల్టిక్ సముద్రతీరాన నగ్నస్నానాన్ని ఆపాలని చూసిన ప్రభుత్వం, జనం ఒప్పుకోకపోవడంతో 1956లో గుర్తించిన చోట్ల అనుమతిస్తూ నియమాలు రాసింది. ప్రయాణాలకు, మాటకు హద్దులున్న ఆ దేశంలో అది జనానికి మిగిలిన చిన్న స్వాతంత్ర్యాల్లో ఒకటి. అందుకే తూర్పువారికి అది నేటికీ కాస్త అభిమానం కలిగించే సంగతి.

ఒక పిట్టకథ. లిఖిత ఆధారాలున్న మొదటి నగ్నతా సంఘంగా చరిత్రకారులు తరచూ చెప్పేది జర్మనీలోది కాదు, మన దేశంలోది. 1891లో బొంబాయి దగ్గరి ఠాణాలో జిల్లా జడ్జిగా ఉన్న క్రాఫర్డ్ అనే ఆంగ్లేయుడు దాన్ని పెట్టాడు. మొత్తం సభ్యులు ముగ్గురు. దొరగారికి బదిలీ కావడంతో సంఘం ముగిసింది. చుట్టూ ఉన్న జనం దాన్ని గురించి ఏమనుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. వంటవాడిని అడిగి ఉంటే బాగుండేది.

కళింగ సీమ (విజయనగరం):

చరిత్ర ఆసక్తిగా ఉంది, కాదనను. కానీ క్షయ తగ్గిపోయి దశాబ్దాలు గడిచినా ఇంకా బట్టలు విప్పడం ఎందుకు అన్న ప్రశ్న అలాగే ఉంది.

ష్ప్రే తీరం (బెర్లిన్):

న్యాయమైన ప్రశ్నే. చాలామంది జర్మన్లు కూడా ఇప్పుడు అదే అంటున్నారు. ఎఫ్‌కేకే సంఘాలలో నడివయసు దాటినవారే ఎక్కువ, యువత అంతగా చేరడం లేదు. చేతిలో కెమెరా ఉన్న ఫోను రావడం దానికి పెద్ద కారణమని నా అభిప్రాయం. సముద్రతీరంలో ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ఒళ్లు ఇప్పుడు ఎవరి ఫోనులోకైనా ఎక్కవచ్చు. సౌనా మాత్రం తగ్గలేదు, ఎందుకంటే అక్కడ తలుపు ఉంది, రుసుము ఉంది, ఫోను లాకర్లో ఉంది.

ఉత్తర దీపం (హెల్సింకి):

సౌనా పుట్టిన దేశం నుంచి రాస్తున్నాను కాబట్టి నన్నూ కొంచెం మాట్లాడనివ్వండి. ఫిన్లాండ్ జనాభా దాదాపు 55 లక్షలైతే సౌనాలు సుమారు 30 లక్షలు. ఫ్లాట్లలో ఉంటాయి, కార్యాలయాల్లో ఉంటాయి, పార్లమెంటు భవనంలోనూ ఒకటుంది. 2020లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. వెనకటి రోజుల్లో పల్లెల్లో కాన్పులు కూడా సౌనాలోనే జరిగేవి, ఎందుకంటే ఇంటికి అదే వెచ్చగా, శుభ్రంగా ఉండే గది. చనిపోయినవారికి చివరి స్నానమూ అక్కడే చేయించేవారు. గుడిలో ఎలా ఉంటామో సౌనాలో అలా ఉండాలని ఇక్కడ పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. పురుడు పోసుకున్న గదిలో అసభ్యంగా ఉండటం వీరి ఊహకే అందదు.

జర్మనీలోలాగా కాదు, ఇక్కడ అపరిచిత స్త్రీ పురుషులు కలిసి నగ్నంగా కూర్చోరు. కుటుంబం కలిసి కూర్చుంటుంది, బయటివారైతే ఆడవారు వేరు, మగవారు వేరు. హెల్సింకిలో 1928 నుంచి కట్టెలతో కాచే కోటిహార్యు సౌనాకు వెళ్తే ఆడవారికీ మగవారికీ వేర్వేరు విభాగాలుంటాయి. కొత్తగా సముద్రం ఒడ్డున కట్టిన కొన్నిటిలో అందరూ కలిసి కూర్చోవచ్చు గాని అక్కడ ఈత దుస్తులు తప్పనిసరి. కాబట్టి కలయిక, నగ్నత్వం, ఈ రెండిటిలో దేన్ని ఎంతవరకు అన్నది ఒక్కో దేశం ఒక్కోలా తేల్చుకుంది. ఒకటే సూత్రమేమీ లేదు.

ఇక్కడి తెలుగు తల్లులు ఈ సంగతిని మొదట ఎదుర్కొనేది ఊరి ఈతశాలలో. కొలనులో దిగేముందు ఈత దుస్తులు లేకుండా ఒళ్లు కడుక్కోవాలి, ఆడవారి స్నానాల గదిలో తెరలు ఉండవు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఈత దుస్తులతోనే షవర్ కింద నిలబడి, అయిందనిపించుకుని వెళ్లబోతుంటే అక్కడి అమ్మమ్మలు ఆపి చెబుతారు. వారు కోపగించుకోరు. పదిమంది వాడే నీళ్లు కదా అన్నది వారి వాదం, దానికి బదులు చెప్పడం కష్టం.

యోదోగావా (ఒసాకా):

జపాన్ వేడినీటి బుగ్గల గురించి రెండు మాటలు. ఇక్కడా బట్టలతో దిగనివ్వరు. ఆడవారికీ మగవారికీ కొలనులు వేరు. చిన్న పీట మీద కూర్చుని, ఒళ్లంతా రుద్దుకుని, నురగ మిగలకుండా కడిగాకే కొలనులో కాలు పెట్టాలి. చేతిలో చిన్న తువ్వాలు ఉంటుంది. దాన్ని నీటిలో ముంచకూడదు, మడిచి తల మీద పెట్టుకుంటారు. పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. ఆడ, మగ కలిసి స్నానం చేసే పాత అలవాటును పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో మెయిజీ చక్రవర్తి కాలపు ప్రభుత్వం పాశ్చాత్యుల ముందు చిన్నతనమవుతుందని నిషేధించడం మొదలుపెట్టింది. ఆ పాశ్చాత్యుల మనవలే తర్వాత జర్మనీలో బట్టలు విప్పారు. పిల్లలు ఎదురు లింగం వారి స్నానశాలకు వెళ్లకూడని వయసును కూడా 2020లో ప్రభుత్వం పదేళ్ల నుంచి సుమారు ఏడేళ్లకు తగ్గించింది. అంటే ఇవన్నీ కాలంతో మారే నియమాలే.

మెయిన్ వంతెన (ఫ్రాంక్‌ఫర్ట్):

ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, స్త్రీగా దాన్ని నేనే ఎత్తాలి. సరస్సుల ఒడ్డున ఎఫ్‌కేకే భాగాలకు మన దేశపు కుర్రాళ్లు ఐదారుగురు గుంపుగా, నిండా బట్టలతో వచ్చి, కాస్త దూరంలో చేరి చూస్తూ, వాళ్లలో వాళ్లు నవ్వుకోవడం నేను కళ్లారా చూశాను. వారు మాట్లాడేది తెలుగని తెలిసినప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడ పడుకున్న స్త్రీలు ఏమీ అనకుండా లేచి, తువ్వాలు చుట్టుకుని, దూరంగా వెళ్లిపోయారు. మాస్టారు చెప్పిన కొలను కథకు ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు. సిగ్గు గురించి మన సంస్కృతి ఇంత చెబుతుందంటే, పరాయి స్త్రీని గుచ్చి చూడకపోవడం కూడా ఆ సిగ్గులో భాగమే అవ్వాలి. మనం ఆడపిల్లకు కప్పుకోవడం నేర్పినంత శ్రద్ధగా మగపిల్లవాడికి చూపు తిప్పుకోవడం నేర్పలేదు.

నా మటుకు నేను కలిసి ఉండే సౌనాకు వెళ్లను. చాలా స్నానశాలల్లో వారానికి ఒక రోజు ఆడవారికే కేటాయిస్తారు, ఆ రోజు వెళ్తాను. మొదట తువ్వాలు చంకల కింద బిగించుకునే కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. ఒళ్లు కప్పుకున్న తువ్వాలుకూ, లోపలికి రానివ్వని ఈత దుస్తులకూ అక్కడ తేడా ఉంది. ఇసార్ ఒడ్డు గారి భార్య వంటివారు ఇలా మొదలుపెట్టడం మేలని నా సలహా.

కళింగ సీమ (విజయనగరం):

మెయిన్ వంతెన గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా అభ్యంతరం మారలేదు గాని, ఆ కుర్రాళ్ల కంటే ఆ ఒడ్డున పడుకున్నవారే మర్యాదస్తులని ఒప్పుకోక తప్పదు.

నిర్వాహకుడు:

చర్చ ఇంతవరకు హుందాగా సాగింది. ఫోటోలు, స్నానశాలల వీడియోల లంకెలు పెట్టిన రెండు పోస్టులను తొలగించాను. మళ్లీ పెడితే సభ్యత్వం రద్దవుతుంది.

న్యాయపీఠిక (హైదరాబాద్):

చట్టం గురించి క్లుప్తంగా. జర్మనీలో నగ్నంగా ఉండటం దానంతటదే నేరం కాదు. తగని చోట నలుగురికీ ఇబ్బంది కలిగిస్తే చిన్న ఉల్లంఘనగా జరిమానా పడవచ్చు. పురుషుడు కామోద్దేశంతో ప్రదర్శించి మరొకరిని ఇబ్బంది పెట్టడం శిక్షాస్మృతి 183వ సెక్షన్ కింద నేరం. పరుల చూపు పడకుండా మరుగు కల్పించిన గదిలో ఒకరిని రహస్యంగా ఫోటో తీయడం 201ఏ సెక్షన్ కింద నేరం. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ బహిరంగ స్థలంలో ఇతరులకు చికాకు కలిగించే అశ్లీల చర్యను శిక్షిస్తుంది. స్త్రీని చాటుగా చూడటం, చిత్రించడం 77వ సెక్షన్ కిందికి వస్తుంది. కాబట్టి అక్కడ అలవాటైందని ఇక్కడి సముద్రతీరంలో ప్రయత్నించకండి.

ఇసార్ ఒడ్డు (మ్యూనిక్):

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా సమాధానాలు వస్తాయని అనుకోలేదు. మరికొన్ని చిన్న సందేహాలు మిగిలాయి. విభాగాధిపతి ఉన్నప్పుడు రానంటే ఉద్యోగం మీద ప్రభావం ఉంటుందా? మగవారు బయటికి అడగలేని భయం ఒకటి ఉంటుంది, ఒంటికి ఏమైనా స్పందన కలిగితే ఏం చేయాలి? మా ఆవిడ అడగమన్నది తాళి గురించి. నాకు జంధ్యం ఉంది, కళ్లద్దాలూ ఉన్నాయి.

నెక్కర్ లోయ (స్టుట్‌గార్ట్):

మొదటిదానికి: నేను కొలనుల వైపు ఉంటాను, భోజనానికి కలుస్తాను అని సూటిగా చెప్పండి చాలు. కారణం చెప్పనక్కరలేదు. కుంటిసాకు చెబితేనే ఇక్కడివారికి చిరాకు. పైగా అపరిచితుల ముందు నిశ్చింతగా ఉండే జర్మన్లలో చాలామంది తోటి ఉద్యోగులతో సౌనాకు వెళ్లడానికి మాత్రం ఇష్టపడరు. సోమవారం సమావేశంలో ఎదురెదురుగా కూర్చోవాలి కదా. మీ బృందంలోనూ మీలాగే తటపటాయిస్తున్నవారు ఒకరిద్దరు ఉండే ఉంటారు. ఉన్నతాధికారి పిలిచారు కాబట్టి వెళ్లాలన్న ఒత్తిడి ఉంటే అదే వెళ్లకూడదనడానికి తగిన కారణం. ఇష్టం లేకుండా విప్పిన బట్టకు ఈ సంస్కృతిలో విలువ లేదు.

రెండోదానికి: ఆ వేడిలో, ఆ మౌనంలో అది అరుదు. కలిగితే తువ్వాలు ఒడిలోకి లాక్కుని, తీరిక చూసుకుని లేచి, చన్నీళ్ల షవర్ కిందికి వెళ్లండి. చూసినవారు చూడనట్టు ఊరుకుంటారు. దాన్ని దాచకుండా కూర్చోవడమే తప్పు.

కళ్లద్దాలు బయటే పెట్టండి, గుమ్మం పక్కన చిన్న గూళ్లు ఉంటాయి. వేడికి అద్దాల పూత పాడవుతుంది, లోహపు చట్రం ముక్కును కాలుస్తుంది. దూరపు చూపు లేనివారికి సగం బిడియం అక్కడే వదిలిపోతుంది లెండి.

ఉత్తర దీపం (హెల్సింకి):

తాళి గురించి నేను చెబుతాను, ఇక్కడి తెలుగు ఆడవారందరం ఈ దారిలోనే వచ్చాం. బంగారు గొలుసుతో, మెట్లు మెట్లుగా ఉండే బల్లల్లో పై మెట్టు మీద కూర్చుంటే సూత్రాలు కాలి గుండె మీద ఎర్రటి మచ్చలు పడతాయి. మనం ముందుకు వంగినప్పుడు గొలుసు ఒంటి నుంచి ఎడమై, గాలిలో కాగి, మళ్లీ చర్మానికి తగిలినప్పుడే అసలు మంట. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడే ఉపాయం చెప్పారు: పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకుని, గొలుసు, నల్లపూసలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి వెళ్లడం. ఆవిడ కూడా అలాగే వచ్చి, చీర కుచ్చిళ్లు విప్పడానికి కాసేపు తటపటాయించి, తర్వాత నాకంటే ఎక్కువసేపు కూర్చున్నారు. మన భోగి తలంటుకు ఇంత చెమట పట్టదే అన్నారు. తాళి మెడలోంచి తీయడానికి పట్టింపు ఉన్నవారు సూత్రాలను చిన్న గుడ్డలో చుట్టి ఉంచుకోవచ్చు. మెట్టెలు బిగుసుకుపోయి రాకపోతే కింది మెట్టు మీదే కూర్చోమనండి, అక్కడ వేడి చాలా తక్కువ. జంధ్యం నూలుదే కాబట్టి చిక్కు లేదు. ఉంగరాలు, చెవి పోగులు, ముక్కుపుడక ఇంట్లోనే తీసి వెళ్లాలి, లాకర్ గదిలో తీస్తే ఎక్కడో జారిపోతాయి. లాకర్ తాళం ఉన్న పట్టీని మణికట్టుకు కట్టుకుంటారు కదా, దానిలో లోహపు ముక్క ఉంటే సౌనాలో కూర్చున్నంతసేపూ తువ్వాలు మడత కింద పెట్టుకోమని చెప్పండి.